సాగు చేసేవాడికి సాగదు

గిరాకి, సరఫరా అనే రెండు మాటలు మన చదువుకున్నవాళ్ల నోళ్లలో తారకమంత్రాలైపోయినవి. ధాన్యం ధర పడిపోయిందా? సరఫరా యెక్కువైంది. రొయ్య ధర పడిపోయిందా? గిరాకి తగ్గింది. కూలి పెరగలేదా? కూలీల సరఫరా మెండుగా వున్నది. వాన యెందుకు కురిసిందయ్యా అంటే మబ్బు పట్టింది గనుక అన్నట్టు వుంటుంది యీ జవాబు. అబద్ధమనడానికి వీల్లేదు. కాని దానివల్ల తెలిసిందేమిటి? అడిగినవాడి నోరు మూతపడింది, అంతే. యీ మంత్రం పఠించేవాళ్లు ఒక పక్కన వుండగా, ఆ మాట వినబడగానే “ఇది బూర్జువా శాస్త్రం, మనకు పనికిరాదు” అని పైపంచె దులుపుకొని లేచిపోయే మన మిత్రులు రెండో పక్కన వున్నారు. యీ వ్యాసం వుభయులతోనూ తగాదా పెట్టుకోవడానికే రాస్తున్నాను.

నేను తెలుగు సాహిత్యం చదివి, నెల్లూరు కోస్తాలో తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. ఆర్థికశాస్త్రంలో నాకు పట్టా లేదు. అయినా యీ సంగతిలో వేలు పెట్టే హక్కు రెండు కారణాలవల్ల వున్నదనుకుంటాను. మొదటిది, నా తరగతిలో కూర్చునే పిల్లల్లో చాలామంది మళ్లనూ, రొయ్యల గుంటలనూ, వలలనూ నమ్ముకున్న ఇళ్లనుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఫీజు కట్టే రోజు ధరను బట్టి వస్తుంది, ధరను బట్టి వాయిదా పడుతుంది. రెండోది, అసలు యీ తగాదా మొదలయ్యేదే ఒక మాట దగ్గర. మాటల తగాదాలో తెలుగు మేష్టరుకు ప్రవేశం వుంటుంది గదా!

ఇంగ్లీషువాళ్లు ఎలాస్టిసిటీ అన్నదాన్ని మన పాఠ్యగ్రంథాలు “వ్యాకోచత్వం” అన్నవి. వ్యాకోచమంటే విచ్చుకోవడం, వికసించడం. పువ్వు వ్యాకోచిస్తుంది. వినడానికి సొంపుగానే వున్నది. కాని రైతు భాషలో దీనికి “సాగడం” అనే మాట సిద్ధంగా వున్నది. రబ్బరు సాగుతుంది. పని సాగుతుంది. పెద్దవాడి మాట సాగుతుంది, పేదవాడి మాట సాగదు. పొలం చేస్తే దాన్నీ సాగు అనే అంటాము. యెవరికి సాగుతుంది, యెవరికి సాగదు అన్న ప్రశ్న తెలుగు మాటలోనే వున్నది. సంస్కృతంలోకి యెక్కించేసరికి ఆ ప్రశ్న జారిపోయి, పంచదారకు తీపిలాగా, మిరపకాయకు కారంలాగా, వ్యాకోచత్వం వస్తువుకు పుట్టుకతో వచ్చిన గుణమై కూర్చున్నది. విద్యార్థి పరీక్షలో “ఉప్పు అవ్యాకోచ వస్తువు, బంగారునగలు వ్యాకోచ వస్తువులు” అని రాసి మార్కులు తెచ్చుకుంటున్నాడు. నా వాదమంతా యిక్కడే వున్నది. వ్యాకోచత్వమనేది మనుషుల మధ్య వున్న బలాబలాలకు కొలత. యెవడు ఆగగలడు, యెవడు ఆగలేడు అన్నదానికి కొలత. దాన్ని వస్తువుకు అంటగట్టినప్పుడు మనిషి లెక్కలోంచి తప్పిపోతున్నాడు.

ముందు సిద్ధాంతానికి న్యాయం చేద్దాం. ప్రత్యర్థి చెప్పినది సరిగా చెప్పకుండా ఖండించడం మన విమర్శకులలో కొందరికి అలవాటు. అది మంచి అలవాటు కాదు. 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ తన అర్థశాస్త్ర గ్రంథంలో యీ భావానికి స్థిరమైన రూపం ఇచ్చాడు. ధర నూటికి ఇంత మారితే, కొనే పరిమాణం నూటికి యెంత మారుతుంది? రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదే గిరాకి వ్యాకోచత్వం. ధర నూటికి 10 పెరిగినప్పుడు కొనుగోలు నూటికి 2 మాత్రమే తగ్గితే, వ్యాకోచత్వం 0.2. గిరాకి సాగలేదన్నమాట. కొనుగోలు నూటికి 20 తగ్గితే, వ్యాకోచత్వం 2. బాగా సాగిందన్నమాట. సరఫరాకూ ఇదే లెక్క. ధర మారినప్పుడు అమ్మేవాడు తన సరుకును యెంత పెంచగలడు, యెంత తగ్గించగలడు? ప్రత్యామ్నాయం వుందా లేదా, సంపాదనలో ఆ ఖర్చు యెంత భాగం, అవసరం యెంత తీవ్రం, సర్దుకోవడానికి వ్యవధి యెంత వున్నది - యీ నాలుగింటిమీద అది ఆధారపడుతుందని పుస్తకాలే చెప్పినవి. యీ నాలుగూ యేమిటో మరొకసారి చదవండి. ప్రత్యామ్నాయం, సంపాదన, అవసరం, వ్యవధి. ఇవి వస్తువుకు వుండేవా, మనిషికి వుండేవా?

మార్షల్‌కన్నా రెండు వందల యేళ్ల ముందుకు పోదాం. 1699లో చార్లెస్ డావెనంట్ అనే ఇంగ్లీషువాడు గోధుమ ధరలమీద ఒక లెక్క అచ్చువేశాడు. గ్రెగొరీ కింగ్ పేరుమీద అది ప్రసిద్ధి పొందింది. పంట పదో వంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుంది. సగం తగ్గితే ధర పదింట నలభై అయిదు వంతులు, అనగా మామూలు ధరమీద నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. తిండిగింజల గిరాకి సాగదన్న సత్యాన్ని అంకెల్లో పెట్టిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. పది బస్తాలు బస్తా పది రూపాయల చొప్పున అమ్మితే వంద రూపాయలు. తొమ్మిదే బస్తాలు పండి, బస్తా పదమూడుకు పోతే నూటపదిహేడు. పంట తగ్గితే రాబడి పెరిగింది! దీన్ని చూసి, కరువు రైతుకు లాభమే కదా అని వాదించిన పెద్దమనుషులు లేకపోలేదు.

కాని రైతు అంటే యెవడు? పది బస్తాలు పండించి అయిదు బస్తాలు ఇంటికి వుంచుకునే చిన్నరైతును తీసుకోండి. మంచి యేడు అయిదు బస్తాలు అమ్మి యాభై రూపాయలు కళ్ల చూశాడు. పంట సగమైన యేడు, పండిన అయిదు బస్తాలూ పొయ్యిలోకే పోయినవి. ధర బస్తాకు యాభై అయిదు పలికినా అమ్మడానికి అతని దగ్గర గింజ లేదు. అదే వూళ్లో వంద బస్తాలు పండించి, ఇంటికి అయిదు వుంచుకునే మోతుబరి వున్నాడు. మంచి యేడు తొంభై అయిదు బస్తాలమీద తొమ్మిది వందల యాభై వచ్చింది. చెడ్డ యేడు నలభై అయిదు బస్తాలు యాభై అయిదు చొప్పున అమ్మి రెండువేల నాలుగువందల డెబ్బయి అయిదు తెచ్చుకున్నాడు. వస్తువు ఒకటే, వూరు ఒకటే, కింగ్ చెప్పిన ధర ఒకటే. ఒకడికి పంట తగ్గడం వరమైంది, ఒకడికి శాపమైంది. ఇక పొలమే లేని కూలివాడి మాట చెప్పనక్కరలేదు. అతను మొదటి రోజునుంచీ కొనేవాడే. “అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” అన్న మన సామెత పుట్టింది యీ అనుభవంలోనుంచే. ఆ సామెత చెప్పినంత స్పష్టంగా మన పాఠ్యగ్రంథాలు చెప్పలేదు. యెందుకంటే సామెతలో మనిషి వున్నాడు. అమ్మబోయేవాడూ కొనబోయేవాడూ అతనే.

ఇది పాత ఇంగ్లండు కథ అనుకోకండి. పెన్నా డెల్టాలో ధాన్యాన్ని పుట్టిలెక్కన అమ్ముతారు. మా దిక్కున పుట్టి అంటే 850 కిలోలు. 2024-25లో ఎ గ్రేడు ధాన్యానికి కేంద్రప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అంటే పుట్టికి 19,720. కాగితంమీద అది నిలకడైన అంకె. కళ్లంలో నిలకడ వుండదు. కోతలు ముమ్మరంగా పడే మార్చి, ఏప్రిల్ నెలల్లో అందరి గింజా ఒక్కసారే కళ్లానికి వస్తుంది. తేమ నూటికి 17కు మించకూడదన్నది నిబంధన. ఆరబెట్టుకోవడానికి జాగా, పట్టలు, గోతాలు, నాలుగు రోజుల వ్యవధి వున్నవాడు మద్దతు ధర దగ్గర నిలబడతాడు. కౌలుకు చేసి, కోతమిషను బాడుగా, ఎరువుల బాకీ నెత్తిన పెట్టుకున్నవాడు పచ్చిగింజనే వచ్చిన ధరకు తెగనమ్ముతాడు. యీ రెండు ధరల మధ్య వున్న తేడా గింజ నాణ్యతకు వచ్చిన ధర కాదు. నాలుగు రోజులు ఆగగలగడానికి వచ్చిన ధర.

కాలమే యీ సిద్ధాంతానికి ప్రాణం. మార్షల్‌కు ఇది తెలుసు. తెలిసే చేపల వృత్తిని వుదాహరణగా తీసుకున్నాడు. ఒక్క రోజు లెక్కలో ఒడ్డుకు చేరిన చేప యెంతో అంతే, సరఫరా సాగదు. కొన్ని నెలల్లో ఉన్న పడవలు యెక్కువసార్లు పోతవి. కొన్నేళ్లలో కొత్త పడవలు కట్టుకుంటారు, కొత్తవాళ్లు వృత్తిలోకి వస్తారు. మా పట్టపుపాలేలలో యే ఆడమనిషిని అడిగినా యీ పాఠంలో మొదటి భాగం చెప్పగలదు. వలలు నిండిన రోజే గంప ధర పడిపోతుంది. ఐసు లేనిదాని గంప పొద్దెక్కేకొద్దీ మరీ పడిపోతుంది. కాని కొత్త పడవ కట్టుకునేది యెవరు, పడవకు అప్పిచ్చినవాడికే చేప అమ్మవలసిన షరతుతో కట్టుకునేది యెవరు అన్న రెండో భాగం మార్షల్ వుదాహరణలో లేదు.

ఇప్పుడు రొయ్యల గుంట దగ్గరికి వద్దాం. వనామి రొయ్య మూడు నాలుగు నెలల పంట. కిలోకు యెన్ని తూగుతవి అన్నదే కౌంటు. వంద కౌంటు అంటే రొయ్య పది గ్రాములు, యాభై కౌంటు అంటే ఇరవై గ్రాములు. పెద్దదైతే ధర యెక్కువ. మరి ధర పడినప్పుడు రైతు రొయ్యను పెంచుతూ ఆగవచ్చు గదా అని పట్నవాసులు అడుగుతారు. ఆగడమంటే యేమిటో గుంట గట్టున నిలబడి చూడాలి. ఆ రొయ్య పూటపూటా మేత తింటుంది. మొత్తం ఖర్చులో సగానికి మించినది మేతే. ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే డీజిలు పోయాలి. కౌలు పెరుగుతుంది. తెల్లమచ్చ తెగులు వస్తే ఆగినవాడికి పట్టుబడి సొమ్ముకూడా దక్కదు. మేతా మందులూ అరువిచ్చిన దుకాణదారు పట్టుబడి రోజుకోసం కాచుకొని వుంటాడు. పట్టిన రొయ్య ఐసులో గంటల సరుకు. ఎదుటి పక్షాన ప్రాసెసింగు ప్లాంటు వున్నది. దాని కోల్డు స్టోరేజిలో అదే రొయ్య గడ్డకట్టి నెలల తరబడి నిలవ వుంటుంది. ఆ నిలవకూ ఖర్చున్నది, వడ్డీ వున్నది, లేదనను. కాని గుంటలో రొయ్య ఆగడానికీ, ప్లాంటులో రొయ్య ఆగడానికీ వున్న భేదమే వాళ్లిద్దరి బేరంలో భేదం. రొయ్య ఒకటే అయినప్పుడు దాని “సరఫరా వ్యాకోచత్వం” గట్టుమీద ఒకటీ, గోడవెనుక ఇంకొకటీ యెట్లా అయింది?

2025లో జరిగినది చూడండి. 2024-25లో మనదేశం 7 లక్షల టన్నులకు పైగా ఘనీభవించిన రొయ్యలు యెగుమతి చేసింది. అందులో 3 లక్షల టన్నులకు పైగా ఒక్క అమెరికాకే పోయింది. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సుంకాల పట్టిక ప్రకటించాడు. మనదేశానికి వేసిన 26 శాతం సుంకం వారం రోజులకే వాయిదా పడింది. కాని కోస్తా ఆంధ్రలో రొయ్య ధర మాత్రం వాయిదా పడలేదు; వెంటనే పడిపోయింది. రాష్ట్రప్రభుత్వం యెగుమతిదారులను పిలిచి ధర నిలపండని చెప్పుకోవలసి వచ్చింది. తర్వాత ఆగస్టు 7న 25 శాతం, 27న మరో 25 శాతం, వెరసి 50 శాతం సుంకం నిజంగానే వచ్చి పడింది. యీక్వడారుకు అప్పుడు 15 శాతం, ఇండొనీషియాకు 19, వియత్నాంకు 20. అంకెలు రాజకీయాలను బట్టి మారేవి. అందులోని సూత్రం మారేది కాదు.

సుంకం చెల్లించేది అమెరికా దిగుమతిదారే కదా, మా రైతుకెందుకు తగలాలి అని నా విద్యార్థి ఒకడు అడిగాడు. యీ ప్రశ్నకు వ్యాకోచత్వ సిద్ధాంతం దగ్గర నిక్కమైన జవాబు వున్నది. పన్ను కాగితంమీద యెవరి పేరున వున్నదన్నది ముఖ్యం కాదు. దాని బరువు సాగలేనివాడి వైపు జారుతుంది. అమెరికాలో తినేవాడు రొయ్య మాని కోడి తినగలడు. అక్కడి వర్తకుడు మన రొయ్య మాని యీక్వడారు రొయ్య తెప్పించుకోగలడు. ఇక్కడి ప్లాంటు కొనడం కొన్నాళ్లు తగ్గించగలదు. గుంటలో దిగిన రొయ్యను రైతు వెనక్కి తీసుకోలేడు. బరువంతా అతనిమీదనే పడిందని చెప్పను. అక్కడి కొనుగోలుదారులు కొంత మోశారు, యెగుమతిదారులు కొంత మోశారు. కాని బరువు యెటువైపు జారుతుందో చూడటానికి ఇంతకన్నా చక్కని దృష్టాంతం దొరకదు. చట్టం పెట్టని పన్నును బలహీనతే వసూలు చేసింది, అదీ గడువుకు ముందే. ఇలాంటి సిద్ధాంతాన్ని బూర్జువా శాస్త్రమని పారవేస్తే, మన చేతిలోని కత్తిని మనమే సముద్రంలో విసిరినవాళ్లమవుతాము.

అయితే పాఠ్యగ్రంథం ఇంకొక చోట మోసం చేస్తుంది. సాగినది తిరిగి వెనక్కి వస్తుందని అది వూహించుకుంటుంది. ధర పెరిగితే సరఫరా పెరుగుతుంది, ధర తగ్గితే తగ్గుతుంది. గీతమీద చుక్క పైకి పోయి కిందికి వస్తుంది. నేల అలా రాదు. 1980ల చివరనుంచి టైగరు రొయ్యకు వచ్చిన ధర చూసి మా కోస్తాలో వరిమళ్లు గుంటలైనవి. మడిని గుంట చేయడానికి ఒక పొక్లెయినూ కొన్ని వారాలూ చాలు. ఉప్పు దిగిన గుంటను మళ్లీ మడి చేయడానికి యేళ్లు పడుతుంది. 1994-95లో తెల్లమచ్చ వచ్చి రొయ్య పోయింది. ఉప్పు మాత్రం పోలేదు. చుట్టుపట్ల బావులు ఉప్పెక్కి నీళ్లబిందెకు దూరాలు నడిచింది గుంటలో పైసా లాభం చూడని ఇళ్ల ఆడవాళ్లు. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చి, తీరప్రాంత నియంత్రణ మండలంలోనూ, చిలకా, పులికాటు సరస్సులకు వెయ్యి మీటర్లలోపలా సంప్రదాయేతర రొయ్యల గుంటలు వుండరాదన్నది. తర్వాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామికి అనుమతి వచ్చింది. మళ్లీ ధర, మళ్లీ గుంటలు. ధర పెరిగినప్పుడు సాగినది పెట్టుబడి. ధర పడినప్పుడు వెనక్కి రానిది నేల, నీరు. యీ రెంటినీ ఒకే గీతమీద చూపించే బొమ్మ నాకు సత్యంగా కనిపించదు.

రొయ్యకన్నా, చేపకన్నా తొందరగా చెడిపోయే సరుకు ఒకటున్నది. కూలివాడి రోజు. ఇవాళ అమ్ముడుపోని రోజును రేపు అమ్మడం యెవరి తరమూ కాదు; దానికి కోల్డు స్టోరేజి లేదు. శ్రమ చెడిపోయే సరుకు గనుక దాన్ని అమ్మేవాడు బేరంలో తక్కువ స్థితిలో వుంటాడని మార్షలే రాశాడు. శత్రువు సాక్ష్యమనుకున్నా సరే, స్వీకరించవలసిన సాక్ష్యం. మా గుంటల గట్లమీద కాపలా వుండే యానాది కుటుంబం అడ్వాన్సు తీసుకున్న రోజునుంచి గుంట దాటిపోలేదు. ఇంకెక్కడో కూలి యెక్కువ వుందని తెలిసినా పోలేదు. దాన్ని “శ్రమ సరఫరా అవ్యాకోచత్వం” అని రాస్తే పరీక్షకు పనికొస్తుంది. అప్పుచేత కట్టివేయబడ్డ మనిషి అని రాస్తే సత్యానికి పనికొస్తుంది.

యీ శాస్త్రం మన నాయకులకు తెలియదనుకోకండి. రాజ్యానికి వ్యాకోచత్వం బాగా తెలుసు. యే గిరాకి సాగదో దానిమీదనే పన్ను వేస్తుంది. ఉప్పు మానేవాడు లేడు గనుక ఇంగ్లీషు ప్రభుత్వం ఉప్పుమీద పడ్డది. 1923లో కేంద్ర శాసనసభ కాదన్నా వినకుండా వైస్రాయి రీడింగ్ తన అధికారంతో మణుగు ఉప్పుమీద పన్నును రూపాయి నాలుగణాలనుంచి రెండు రూపాయల యెనిమిదణాలకు పెంచాడు. మరుసటి యేడే తగ్గించవలసి వచ్చింది. 1930లో మైపాడు తీరాన మా జిల్లావాళ్లు ఉప్పు సత్యాగ్రహం చేశారు. ఉప్పు గిరాకి అప్పుడూ సాగలేదు. సాగినది మనుషుల తెగువ. ఉప్పుపన్ను 1947లో పోయింది.

సారా కథ ఇంకా విలువైనది. తాగుడు అలవాటైనవాడి గిరాకి సాగదు. అందుచేత సారా వేలంపాటలు ఖజానాకు కామధేనువులైనవి. మా జిల్లా మెట్టలో దూబగుంట స్త్రీలు రాత్రి బడికి పోయి, అక్షరాస్యతా పుస్తకంలో పాఠం చదువుకొని, దుకాణం మీదికి పోయారు. 1992లో ఆ వుద్యమం జిల్లా అంతటా పాకి, వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానా వెలితి చూపించి 1997లో దాన్ని యెత్తివేశారు. విజయం నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. పుస్తకం స్థిరమని చెప్పిన ఒక గుణాంకాన్ని అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు మార్చారు. ఉపాధ్యాయులైన మిత్రులు యీ మాట మరొకసారి చదవాలని కోరుతున్నాను. ఆ మార్పుకు మొదటి కారణాల్లో ఒకటి ఒక పాఠం.

“అయితే రైతులుకూడా పంట తగ్గించుకొని ధర తెచ్చుకోవచ్చు గదా” అనేవారికి జవాబు చెప్పాలి. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌కు పంట విరామం ప్రకటించి వరి వేయకుండా వదిలారు. దేశమంతా వాళ్లవైపు చూసింది. కాని ఆ విరామం అందరికీ ఒకటి కాదు. సొంతభూమి వున్నవాడికి అది నిరసన. నాట్లూ కలుపూ కోతలూ నమ్ముకున్న కూలివాడికి అది పస్తు. ఆగడానికి సత్తువ సమకూర్చకుండా ఆగమని చెప్పడం, అన్నం పెట్టకుండా ఉపవాస మహిమ చెప్పడం లాంటిది. సత్తువ యెలా వస్తుంది? ఆరబెట్టే కళ్లాలు, గోడౌన్లు, కోల్డు స్టోరేజీలు రైతుల సహకార సంఘాల చేతిలో వుంటే వస్తుంది. మేత అరువు కొనేవాడి దగ్గర కాక సహకార బ్యాంకు దగ్గర దొరికితే వస్తుంది. కౌలుదారు పేరు కాగితంమీద వుంటే వస్తుంది. రొయ్య అమెరికాను మాత్రమే నమ్ముకోకుండా మన వూళ్ల వంటిళ్లలోకి వస్తే వస్తుంది. కూలికి పని లేని రోజున ఇల్లు గడిచే భరోసా వుంటే వస్తుంది. ఇవన్నీ వ్యాకోచత్వాన్ని పెంచే పనులే. పాఠ్యగ్రంథం వాటిని “ఇతర పరిస్థితులు మారనప్పుడు” అన్న ఒక్క వాక్యంలో పక్కకు నెట్టింది. మన రాజకీయమంతా ఆ “ఇతర పరిస్థితులు” మార్చడంలోనే వున్నది.

ఇక మన మిత్రులతో రెండు మాటలు. గిరాకి, సరఫరా సమానమైనప్పుడు అవి దేన్నీ వివరించలేవని 1865లో మొదటి ఇంటర్నేషనల్ జనరల్ కౌన్సిల్ ముందు మార్క్స్ చెప్పిన మాట నిజమే. విలువ వాటినుంచి పుట్టదు. కాని మనవాళ్లు అక్కడే పుస్తకం మూసేశారు. ఎంగెల్స్ 1894లో ప్రచురించిన కాపిటల్ మూడో సంపుటంలో మార్క్స్ యీ విషయానికే తిరిగివచ్చి ఒక సంగతి గమనించాడు: పోటీలో బలహీనమైన పక్షంలో యెవడికివాడే విడిగా, తనవాళ్లకు వ్యతిరేకంగాకూడా ప్రవర్తిస్తాడు, బలమైన పక్షం ఇంచుమించు ఒకే కట్టుగా నిలుస్తుంది. ధర పడుతున్నదని తెలియగానే పక్కగుంటవాడికన్నా ముందు పట్టుబడి పట్టాలని పరుగెత్తే మా రైతులనూ, ఒకే రోజు ఒకే ధర చెప్పే కొనుగోలుదారులనూ చూసినవాడికి యీ వాక్యం కొత్తగా అర్థమవుతుంది. సిద్ధాంతం తెలిసినవాడికి లెక్క అక్కరలేదనుకోవడం సోమరితనం. మా అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యకు సిద్ధాంతం తక్కువా? ఆయన గుంటూరు జిల్లాలో అనంతవరం, కాజ గ్రామాల వ్యవసాయ కూలీల బతుకును 1970లలో లెక్కలు కట్టించి గ్రంథస్థం చేశాడు.

రచయితలకు చెప్పేది కూడా ఇదే. మన కథల్లో ధర పడిందంటే దానికి కారణంగా ఒక దుర్మార్గపు షావుకారు ప్రవేశిస్తాడు. వాడికి మీసాలుంటవి, ఉంగరాలుంటవి. వాడు మారినా, చచ్చినా కథ సుఖాంతమవుతుంది. నిజమైన షావుకారు చాలాసార్లు మర్యాదస్తుడే. పిల్లవాడి పెళ్లికి వెయ్యి నూటపదహార్లు చదివించేవాడే. అతను దుర్మార్గుడు కావలసిన అవసరంలేకుండానే రైతు మునిగిపోయే యేర్పాటు వున్నది. ఆ యేర్పాటే మన కథావస్తువు కావాలి. 1960లలో కాళీపట్నం రామారావు “యజ్ఞం”లో అప్పు ఒక మనిషి చెడ్డతనంవల్ల కాక వూరి ఆర్థిక జీవితంలోనుంచి యెలా పెరుగుతుందో చూపించాడు. గుంట గట్టుమీద, కళ్లంలో, పట్టపుపాలెం ఒడ్డున అలాంటి కథలు యెన్నో రాసేవాడికోసం కాచుకొని వున్నవి.

విద్యార్థి మిత్రులారా, వ్యాకోచత్వం పాఠం బాగా చదవండి. గుణాంకం కట్టడం నేర్చుకోండి. పరీక్షలో పుస్తకం అడిగినట్టే రాయండి. మార్కులు పోగొట్టుకోమని నేను చెప్పను. కాని యే వస్తువు పక్కన “అవ్యాకోచ” అన్న మాట కనిపించినా, దాని పక్కన మరొక ప్రశ్న రాసుకోండి: యెవరికి? ఆ ప్రశ్న పట్టుకొని వూరికిపోయి, ఒక పుట్టి ధాన్యానికీ ఒక గుంట రొయ్యకూ పెట్టుబడినుంచి పట్టుబడిదాకా లెక్క రాయండి. యెవరెవరు యెన్నాళ్లు ఆగగలిగారో అందులో రాయండి. అటువంటి లెక్కలు పది వూళ్లనుంచి వస్తే, ధరలు యెందుకు పడుతున్నవని అడిగినవాడికి “సరఫరా యెక్కువైంది” అని చెప్పి తప్పించుకోవడం ఇక యెవరికీ సాగదు.